డ్యామ్ నిండుగానే ఉంది, మరి ట్యాంకు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నీళ్ల గురించే. అన్నిటికీ విడివిడిగా రాయలేను కాబట్టి దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కలిపేశాను, ఏమనుకోకండి. మొదటి ఉత్తరమే కాస్త పెద్దది, జవాబు కూడా అలాగే వచ్చింది.

ప్రశ్న: మా సిటీలో జనం 10 లక్షల దాకా ఉంటారండి. రోజుకి 15 కోట్ల లీటర్లు సప్లై అవుతాయట. ట్యాంకులు, సంపులు అన్నీ కలిపి 10 కోట్ల లీటర్లు పడతాయట, డ్యామ్‌లో ఇంకో 4 నెలలకి సరిపడా నీళ్లున్నాయట. ఏదైనా ఎమర్జెన్సీ వస్తే ఇవి చాలతాయా? ఎవర్నడిగినా "డ్యామ్ నిండుగా ఉంది కదా, మీకేం భయం" అంటున్నారు.

జవాబు: ముందు డ్యామ్‌ని పక్కన పెట్టేద్దాం. డ్యామ్‌లో నీళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివి, ట్యాంకులో నీళ్లు జేబులో చిల్లర లాంటివి. వానలు పడకపోతే డిపాజిట్ ఆదుకుంటుంది గానీ అర్ధరాత్రి మెయిన్ పైపు పగిలితేనో, పంప్ హౌస్‌కి కరెంటు పోతేనో, నదిలో ఏదో కలిసి ఫిల్టర్ ప్లాంట్ ఆపేయాల్సొస్తేనో ఆ డిపాజిట్ మీ చేతికి రాదు, అప్పుడు ఫిల్టర్ చేసి క్లోరిన్ కలిపి ట్యాంకుల్లో నింపి పెట్టిన నీళ్లే దిక్కు.

ఇది ఊరికే చెప్తున్న మాట కాదు. 2014 జనవరి 9న అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం చార్ల్‌స్టన్ దగ్గర ఒక కెమికల్ ట్యాంకు లీకై బొగ్గు కడగడానికి వాడే ఎంసీహెచ్ఎం అనే ద్రావణం ఎల్క్ నదిలో కలిసింది. సిటీకి నీళ్లు తోడుకునే చోటు దానికి కాస్త దిగువనే ఉంది. కంపు తెలిసిపోయింది, మరి తోడటం ఆపేయొచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. ఆపలేకపోయారు, ఎందుకంటే అంతకుముందు చలికి పైపులు పగిలి ట్యాంకుల్లో నిల్వ అప్పటికే తగ్గిపోయి ఉంది, ఇన్‌టేక్ మూసేస్తే పైపులు ఖాళీ అయిపోయి అగ్నిప్రమాదం జరిగినా నీళ్లుండవని భయపడ్డారు. ఆఖరికి దాదాపు 3 లక్షల మందికి తాగొద్దు, వండొద్దు, స్నానం చెయ్యొద్దు, టాయిలెట్‌లో పొయ్యడానికి తప్ప ముట్టుకోవద్దు అని చెప్పాల్సొచ్చింది. నది నిండా నీళ్లే, కొరత వచ్చింది ట్యాంకులో.

ఇక మీ 10 కోట్ల లెక్క. 10ని 15తో భాగించి రోజుతో గుణిస్తే 16 గంటలు వస్తుంది, కాగితం మీద మరీ తక్కువేం కాదు. అమెరికాలో పది రాష్ట్రాలు కలిసి రాసుకున్న వాటర్‌వర్క్స్ ప్రమాణాల ప్రకారం, మంటలార్పే బాధ్యత లేని సిస్టమ్‌లో కూడా కనీసం ఒక రోజు సగటు వాడకానికి సరిపడా నిల్వ ఉండాలి, మీదాని కంటే అదే ఎక్కువ. కానీ నా అనుమానం వేరే ఉంది, మీ 16 గంటలు నిజంగా 16 గంటలేనా అని.

ట్యాంకులు 24 గంటలూ నిండుగా ఉండవండీ. ఉండకూడదు కూడా, వాటి పనే రాత్రి నిండి పొద్దున ఖాళీ అవ్వటం. పొద్దున 6 నుంచి 9 దాకా ఊరంతా ఒకేసారి కుళాయి తిప్పుతుంది, ఆ టైమ్‌లో ప్లాంటు ఇచ్చేదానికంటే వాడకం ఎక్కువ, ఆ తేడాని ట్యాంకే మోస్తుంది. ప్రమాదం మిమ్మల్నడిగి రాదు కదా, పొద్దున 9కి వచ్చిందనుకోండి, ట్యాంకులు 60 శాతం ఉంటాయేమో, అంటే 6 కోట్లు. అందులో అడుగున ఉండే నీళ్లు అవుట్‌లెట్ పైపుకి అందవు, మడ్డి కూడా ఉంటుంది, కెపాసిటీలో ఓ 10 శాతం తీసెయ్యండి. ఇక 5 కోట్లు. వీటిలో ఎత్తు మీదున్న ట్యాంకుల్లో ఎన్ని, నేల మీద సంపుల్లో ఎన్ని? సగం సగం అనుకుందాం. కరెంటు లేకపోతే సంపులో నీళ్లు పంపుకి అందినా మీ కుళాయికి అందవు, జనరేటర్ ఉంటే తప్ప. కాబట్టి గ్రావిటీ మీద వాటంతటవే దిగొచ్చే నీళ్లు రెండున్నర కోట్లు. మామూలు వాడకం లెక్కన సరిగ్గా 4 గంటలు.

పదహారు కాస్తా నాలుగైంది. ఆ 60 శాతం, సగం సగం అనేవి నేను లెక్క చూపించడానికి వేసుకున్న అంకెలు, మీ ఊళ్లో అసలువి వేరే ఉంటాయి, మీరు అడిగి తెలుసుకోవాల్సింది వాటినే.

పైగా ఇంకోటుంది, దీన్ని ఇంజనీర్లు కూడా ఒక్కోసారి మర్చిపోతారు. నీళ్లు ఆగిపోతాయని కబురు బయటికెళ్లిన అరగంటలో ప్రతి ఇంట్లో బకెట్లు, బిందెలు, డ్రమ్ములు అన్నీ కుళాయి కిందకి చేరతాయి. 2 లక్షల ఇళ్లు, ఇంటికి 200 లీటర్లు ఎక్స్‌ట్రా పట్టుకుంటే 4 కోట్లు. మీ గ్రావిటీ నీళ్లు రెండున్నర కోట్లే! అంటే పల్లంలో ఉన్నవాళ్లు, ఇంటికి పెద్ద సంపు ఉన్నవాళ్లు పట్టేసుకుంటారు, ఎత్తు మీద ఇళ్లవాళ్లకి కుళాయిలో గాలే వస్తుంది. తప్పని నేననను, ఇంట్లో బకెట్‌లో ఉన్నా అది నిల్వే కదా, కాకపోతే సమానంగా పంచిన నిల్వ కాదు.

మరి ఆ 5 కోట్లని పొదుపుగా ఇస్తే? విపత్తుల్లో పనిచేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని ఉంది. 10 లక్షల మందికి కోటిన్నర. అలాగైతే 5 కోట్లు 3 రోజులు దాటి వస్తాయి, వినడానికి బానే ఉంది. కానీ పైపులో నీళ్లు వదిలితే మనిషికి 15 లీటర్లు అని పైపుకేం తెలుసు? వీధి చివర పంచాలి. అవే ప్రమాణాల్లో ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, ఇంటి నుంచి 500 మీటర్లు దాటకూడదు అని కూడా ఉంది, అంటే మీ సిటీకి 4,000 కుళాయిలు కావాలి. ట్యాంకర్లతో ఇద్దామంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకి 1,500 ట్రిప్పులు తిరగాలి, ఒక్కోటి 5 ట్రిప్పులు కొట్టినా 300 ట్యాంకర్లు, డ్రైవర్లు, డీజిలు, ఇవి కాక ట్రాఫిక్. నిల్వ ఎంత అని అందరూ అడుగుతారు, పంచడానికి మీ దగ్గరేముంది అని ఎవరూ అడగరు, నాకు చిరాకొచ్చేది అక్కడే.

కాబట్టి నా జవాబు: మీ సిటీ నిల్వ చాలదు అనే అనుకోండి, కనీసం ఆ 5 కోట్లలో కరెంటు లేకుండా దిగేవి ఎన్ని అని రాతపూర్వకంగా చెప్పేదాకా.

ప్రశ్న: ఇంత తలనొప్పి ఎందుకండీ, ట్యాంకుల సైజు మూడింతలు చేసేస్తే పోలా? డబ్బులు లేవంటే అర్థముంది, చోటు లేదంటే అర్థముంది, మా ఇంజనీర్ గారేమో "పెద్ద ట్యాంకు ప్రమాదం" అంటున్నారు. నీళ్లు ఎక్కువుంటే ప్రమాదమేంటి?

జవాబు: మీ ఇంజనీర్ గారు చెప్పింది నిజమే, చెప్పిన తీరు బాలేదంతే. క్లోరిన్ కలిపిన నీళ్లకి వయసు ఉంటుంది. ట్యాంకులో నిలబడే కొద్దీ క్లోరిన్ తగ్గిపోతుంది, ఎండకి కాగిన ట్యాంకులో ఇంకా తొందరగా, అది తగ్గాక బ్యాక్టీరియా పెరగడానికి దారి దొరుకుతుంది, ఇంకోవైపు క్లోరిన్ నీళ్లలోని సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్ల లాంటి, ఒంటికి మంచివి కాని పదార్థాలు తయారవుతాయి. అందుకే ట్యాంకులో నీళ్లు మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తిగా మారిపోవాలని చాలాచోట్ల ఒక లెక్క పెట్టుకుంటారు. నింపే పైపు, తీసే పైపు పక్కపక్కనే ఉన్న ట్యాంకుల్లో అయితే కొత్త నీళ్లు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోతాయి, అవతలి మూల పాత నీళ్లు అలాగే కూర్చుంటాయి. అంటే ఎమర్జెన్సీ కోసం దాచిన నీళ్లే ఎమర్జెన్సీ అయి కూర్చుంటాయన్నమాట.

దీనికి మందు లేదనుకోకండి. ఒక్క పెద్ద గది బదులు రెండు గదులు కట్టి మార్చి మార్చి వాడటం, మధ్యలో గోడలు పెట్టి నీళ్లని చుట్టూ తిప్పటం, దూరంగా ఉన్న ట్యాంకు దగ్గర మళ్లీ కొంచెం క్లోరిన్ వెయ్యటం, ఇవన్నీ ఉన్నాయి. జపాన్‌లో కోబే వాళ్లు కొన్ని చోట్ల ట్యాంకులు జంటగా పెట్టి ఒకదానికి భూకంపం వస్తే దానంతటదే మూసుకునే వాల్వ్ బిగించారు. 1995 జనవరి 17 పొద్దున భూకంపం వచ్చినప్పుడు కింద పైపులు ఎక్కడికక్కడ పగిలిపోయాయి, వాల్వ్ మూసుకున్న ట్యాంకుల్లో మాత్రం తాగే నీళ్లు మిగిలాయి, మిగతావి పగుళ్లలోంచి కారిపోయాయి. ఊరంతటికీ పైపుల్లో నీళ్లు మళ్లీ రావడానికి దాదాపు 3 నెలలు పట్టింది. అందుకే అంటాను, సైజు పెంచే డబ్బులో కొంత వాల్వులకి పెట్టండి అని. వాల్వ్‌కి రిబ్బన్ కటింగ్ ఉండదు కాబట్టి ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

ప్రశ్న: అగ్నిప్రమాదానికి కూడా ఇవే నీళ్లు వాడతారా? ఎంత కావాలి?

జవాబు: చాలా ఊళ్లలో ఇవేనండి, వేరే లైన్ ఉండేది తక్కువ. ఒక హైడ్రాంట్, అంటే ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే వీధి గొట్టం, బాగా పనిచేస్తే నిమిషానికి 4,000 లీటర్ల దాకా ఇస్తుంది. 10 హైడ్రాంట్లు 3 గంటలు తెరిస్తే 72 లక్షల లీటర్లు. భారతదేశంలో ఇంజనీర్లు వాడే మాన్యువల్‌లో దీనికో ఫార్ములా ఉంది, జనాభాని వేలల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 100తో గుణిస్తే రోజుకి అన్ని కిలోలీటర్లు. 10 లక్షల ఊరికి అది 32 లక్షల లీటర్ల లోపే. మొత్తం నిల్వలో చిన్న ముక్కే, నిజానికి మొత్తం అంకె మీద గొడవ లేదు. గొడవంతా అవి ఎక్కడున్నాయి అన్నదాని మీదే.

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ కొండల్లో కార్చిచ్చు పట్టుకున్నప్పుడు అక్కడి మూడు ట్యాంకులు, ఒక్కోటి 10 లక్షల గ్యాలన్లు అంటే 38 లక్షల లీటర్ల లెక్కన, మంటలకి ముందు నిండుగానే ఉన్నాయి. మామూలు కంటే నాలుగింతల వాడకం 15 గంటలపాటు నడిచింది, సాయంత్రం ఒకటి, రాత్రి ఇంకోటి, తెల్లారుజామున 3 గంటలకి మూడోది ఎండిపోయాయి. సిటీ మొత్తం మీద చూస్తే నీళ్లకి కొరత లేదు, కొండ కింద మెయిన్ పైపులో ఉన్నాయి, కింద హైడ్రాంట్లన్నీ లాగేస్తుంటే ప్రెషర్ పడిపోయి పైకి ఎక్కించలేకపోయారు. ఆ పక్కనే శాంటా యినెజ్ రిజర్వాయర్, దాదాపు 44 కోట్ల లీటర్లది, కవర్ చిరిగిందని రిపేరు కోసం అంతకుముందు ఏడాదే ఖాళీ చేసి పెట్టారు. అది నిండుగా ఉన్నా ఆ లాగుడుకి ప్రెషర్ నిలిచేది కాదన్న నిపుణులూ ఉన్నారు, ఇళ్లలో మంటలార్పడానికి కట్టిన పైపులు అడవి మంటకి సరిపోవు అనేది వాళ్ల వాదన, నాకూ అదే సబబు అనిపిస్తుంది. కానీ రిపేరు పేరుతో ఖాళీగా ఉన్న రిజర్వాయర్ని కెపాసిటీ లెక్కలో కలిపి చెప్పే అలవాటు మాత్రం అన్ని ఊళ్లలో ఉంది, జాగ్రత్త.

దీనికి ఎదురు ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కో. 1906 ఏప్రిల్ 18 భూకంపంలో పైపులు తెగి మంటలార్పడానికి నీళ్లు అందక 28,000కి పైగా కట్టడాలు పోయాయి. అప్పుడు వాళ్లు బుద్ధి తెచ్చుకుని తాగే నీళ్లతో సంబంధం లేకుండా మంటల కోసమే ఇంకో పైపుల వ్యవస్థ వేశారు, 1913 నాటికి పూర్తయింది. కొండ మీద కోటి గ్యాలన్ల రిజర్వాయర్, వీధుల కింద నేలతొట్లు, ఆఖరికి సముద్రం నీళ్లు తోడటానికి పంపులు. 1989 భూకంపంలో ఆ పైపులు కూడా కొన్ని తెగాయి, అప్పుడు మంటలార్పే పడవ, ఫైర్‌బోట్ ఒకటి ఒడ్డుకొచ్చి సముద్రం నీళ్లు పంపి మరీనా పేటని కాపాడింది. మూడు దారులు పెట్టుకున్నారు కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి పనికొచ్చింది.

ప్రశ్న: డ్యామ్‌లో 20 శాతం ఉంటే ఇంకా 20 శాతం వాడుకోవచ్చనే కదా?

జవాబు: కాదండి. అడుగు నీళ్లు తూముకి అందవు, అదే డెడ్ స్టోరేజ్. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వాళ్లు 2018లో కుళాయిలు కట్టేసే రోజుని, డే జీరో అని పేరు పెట్టారు కదా, దాన్ని డ్యాములు సున్నాకి రావడం మీద పెట్టలేదు, 13.5 శాతం మీద పెట్టారు. ఆ రోజు వస్తే మనిషికి 25 లీటర్లు లైన్లో నిలబడి పట్టుకెళ్లాలి. రాలేదు, జనం ఫిబ్రవరి నుంచి రోజుకి 50 లీటర్ల లిమిట్‌లో బతికారు, తర్వాత వానలు పడ్డాయి. బ్రెజిల్‌లో సావో పాలో వాళ్లు 2014లో తేలే పంపులు పెట్టి ఆ డెడ్ స్టోరేజ్ కూడా తోడుకున్నారు, అంటే గల్లాపెట్టె అడుగు గీకినట్టే. 1963లో హాంకాంగ్‌లో నాలుగు రోజులకోసారి 4 గంటలు నీళ్లిచ్చేవాళ్లు. తర్వాత కొన్నేళ్లలో సముద్రపు పాయకి అడ్డుకట్ట వేసి, ఉప్పు నీళ్లు తోడేసి ప్లోవర్ కోవ్ రిజర్వాయర్‌గా మార్చుకున్నారు. ఇప్పటికీ అక్కడ ఐదింట నాలుగు వంతుల మంది టాయిలెట్‌లో పోసేది సముద్రం నీళ్లే. నిల్వ పెంచకుండా నిల్వ పెరిగినట్టే కదా అది, మంచి నీళ్లు అక్కర్లేని పనికి మంచి నీళ్లు పొయ్యకపోతే.

ప్రశ్న: ఇంట్లో ఎన్ని నీళ్లు పెట్టుకోవాలి? బ్లీచ్ వెయ్యొచ్చా? మరిగిస్తే అన్నీ పోతాయా?

జవాబు: తాగడానికి, కాస్త వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు, 3 రోజులకి 12. జపాన్‌లో 3 లీటర్లు, 3 రోజులు అంటారు, టోక్యోలో అయితే దాదాపు 2 కిలోమీటర్లలోపు ఒక ఎమర్జెన్సీ నీళ్ల కేంద్రం ఉండేలా పెట్టుకున్నారు. బాలింతలు, పసిపిల్లలు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉంటే ఇంకొంచెం ఎక్కువ పెట్టుకోండి.

వాసన, రంగు కలపని మామూలు బ్లీచ్, 5 నుంచి 9 శాతం మధ్యది అయితే, తేట నీళ్లకి లీటరుకి 2 చుక్కలు, అరగంట ఆగి తాగాలి. మురికిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టండి, చుక్కలు రెట్టింపు. మరిగించడం అంటే బుడగలు తెర్లుతూ ఒక నిమిషం, ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు.

అన్నీ పోవు. క్రిములు పోతాయి, కెమికల్స్ పోవు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈరీ సరస్సులో నాచు పేరుకుని మైక్రోసిస్టిన్ అనే విషం కుళాయి నీళ్లలోకి వచ్చింది, 4 లక్షల మందికి పైగా మూడు రోజులు ఆ నీళ్లు తాగలేదు, అక్కడ అధికారులు ప్రత్యేకంగా చెప్పింది "మరిగించకండి" అనే, మరిగిస్తే నీళ్లు తగ్గి విషం చిక్కబడుతుంది. కాబట్టి "మరిగించి తాగండి" అన్నారా, "తాగకండి" అన్నారా, "వాడకండి" అన్నారా అని సరిగ్గా చదవండి, మూడూ మూడు వేరు హెచ్చరికలు. ఫార్వర్డ్ చేసేవాళ్లు మూడింటినీ కలిపేస్తారు.

ప్రశ్న: మా ఊళ్లో ట్యాంకుల లెవెల్ ఆన్‌లైన్‌లో చూపిస్తారు. ఎప్పుడు చూసినా 90 పైనే. నమ్మొచ్చా?

జవాబు: ఎప్పుడు చూసినా 90 అంటేనే నాకు అనుమానం. పైన చెప్పాను కదా, పనిచేసే ట్యాంకు లెవెల్ పొద్దున దిగాలి, రాత్రి ఎక్కాలి. గీత తిన్నగా ఉందంటే ఆ ట్యాంకు నుంచి ఎవరూ నీళ్లు తీసుకోవట్లేదు, లేదా మీటర్ చచ్చిపోయింది.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ట్యాంకు నాలుగు రోజులు ఫుల్ అని చూపించింది. ఊరి పేరు వద్దులెండి. కింద కాలనీ వాళ్లు నీళ్లు రావట్లేదని ఫోన్ల మీద ఫోన్లు, ఆఫీసులో మేమేమో "ట్యాంకు ఫుల్‌గా ఉంది, మీ లైన్లోనే ఏదో అడ్డు ఉంది" అని లైన్‌మన్‌ని పంపి రోడ్డు తవ్వించాం, రెండు చోట్ల. ఐదో రోజు ఆ లైన్‌మనే విసుగొచ్చి నిచ్చెన ఎక్కి మూత తీసి చూశాడు. లెవెల్ చూపించే ఫ్లోట్ తాడు ఇనుప మెట్టుకి చిక్కుకుని పైనే వేలాడుతోంది, అడుగున మోకాలి లోతు నీళ్లు. మూడు నెలలుగా ఎవరూ ఆ మూత తీయలేదని రిజిస్టర్ చూస్తే తెలిసింది.

మీరు వెబ్‌సైట్‌లో శాతం చూడటం మానేసి వాటర్ బోర్డుని ఒకటి అడగండి, ప్రతి ట్యాంకు మూత ఆఖరిసారి తీసి కళ్లతో చూసింది ఏ తారీఖున అని. తారీఖులు చెప్పలేకపోతే ఆ 90 సంగతి మీకే తెలిసిపోతుంది.